ఒంటి దోనెలో ఇద్దరు

ఎడమ ఒడ్డున ఎర్రరాతి కొండలు, కుడి ఒడ్డున పచ్చని వెదురుతోపులు, వాటి నడుమ కరిగించి పోసిన బంగారంలా హేమవేణీ మహానది! పొద్దుటి ఎండ సోకి అలలన్నీ తళతళ మెరుస్తున్నాయి. తామరతూళ్ల నడుమ చక్రవాకాలు జంటలు జంటలుగా ఈదుతున్నాయి. కొండకొమ్మున విరిసిన మోదుగపూలు రాలి నీళ్లమీద తివాచీ పరిచాయి. దేవకన్యలు చూస్తే జలకాలాటకు దిగిపోయేటంత సొగసుగా ఉంది ఆ చోటు.

ఇంత సొగసును కళ్లముందు పెట్టుకుని శోణపుర రాజకుమారుడు కువలయుడు ఏం చూస్తున్నాడయ్యా అంటే, తన దోనె అంచు చూసుకుంటున్నాడు.

"చకోరీ! మంచుకు కాస్త ఉబ్బినట్టున్నావు. ఏం ఫర్వాలేదులే తల్లీ, ఎండెక్కితే సర్దుకుంటావు" అని దోనెకు ధైర్యం చెబుతూ తెడ్డు వేస్తున్నాడు.

అవును, దోనెతోనే మాట్లాడుతున్నాడు. రాజకుమారులన్నాక గుర్రాలెక్కాలి, కత్తులు తిప్పాలి, వేటకు వెళ్లి పులిని చంపి నలుగురి చేతా శభాష్ అనిపించుకోవాలి. ఇతగాడు బాడిస పట్టుకుని మాను చెక్కుతాడు. అంతఃపురంలో నాట్యమంటపం నిండా చెక్కపొట్టే. నాట్యకత్తెలు కాళ్లకు పేళ్లు గుచ్చుకుని ఏనాడో పుట్టింటికి పోయారు. పిడుగుపడి కూలిన మద్దిమానును ఒక్కడే తొలిచి, లోపల నీళ్లు నింపి, ఎర్రగా కాల్చిన రాళ్లు అందులో వేసి, ఆ ఆవిరికి కర్ర మెత్తబడుతుంటే మెల్లమెల్లగా వెడల్పు చేసి, గుగ్గిలం పూసి, నూనె పట్టించి చేసుకున్నాడు చకోరిని. తన నడుము కొలతకు పీట, తన కాళ్ల కొలతకు పొడుగు. రెండో మనిషికి అందులో చోటు లేదు. ఏటిమీద ఒంటరిగా, తోచిన వైపు, తోచినంత దూరం పోవడమే అతడికి స్వర్గం.

కాని ఇవాళ అతడు సరదాకు బయలుదేరలేదు. తండ్రి ప్రాణం కోసం బయలుదేరాడు.

జరిగిందేమిటంటే, ఘూకవదనుడనే మాంత్రికుడు ఆ మధ్య శోణపుర రాజసభకు వచ్చాడు. పేరుకు తగ్గట్టే గుడ్లగూబ మొహం, మోకాళ్లదాకా జడలు. వేసిన పీటమీద దర్జాగా కూర్చోబోయి, పీట జారి, వెల్లకిలా పడ్డాడు. పడితే పడ్డాడు, జడలు ఊడి దూరంగా దొర్లిపోయాయి. తీరా చూస్తే అవి పెట్టుడు జడలు! కింద తల నున్నగా మెరిసిపోతోంది. మహారాజు ప్రచండవర్మ ఎంత ఆపుకున్నా ఆగక పకపకా నవ్వేశాడు.

"నవ్వుతావా? అయితే నవ్వుతూనే ఉండు! రాబోయే పున్నమి చంద్రుడు పొడిచే వేళకు ఆ నవ్వుతోనే నీ ఊపిరి పోతుంది!" అని శపించి, జడలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు మాంత్రికుడు.

ఆనాటినుంచి మహారాజు నవ్వు ఆగలేదు. దొంగకు శిక్ష వేస్తూ నవ్వాడు. బావమరిది పోయాడని పరామర్శకు వెళ్లి అక్కడా నవ్వి, తన్నులు తప్పించుకుని వచ్చాడు. నోట్లో పెట్టిన ముద్ద లోపలికి పోదు, పడుకుంటే నిద్ర రాదు. సభలో అందరూ మొదట్లో మూతులు దాచుకుని నవ్వారు గాని, కువలయుడు మాత్రం తండ్రి కళ్లలోకి చూశాడు. నోరు నవ్వుతోంది, కళ్లు ఏడుస్తున్నాయి. 'నన్ను కాపాడు నాయనా' అంటున్నాయి.

రాజవైద్యుడు ఒకటే మందు చెప్పాడు. హేమవేణి నడిమధ్య దీవిలో మౌనమందారమనే పువ్వు పూస్తుంది. అది తెచ్చి తలమీద పెడితే ఎంతటి నవ్వయినా ఆగిపోతుంది. అయితే ఆ దీవి చుట్టూ ఒంటరి సుడి ఉంది. పూర్వం ఆ దీవిలో తపస్సు చేసుకునే ముని ఒకాయన, వరాల కోసం పడవల నిండా దిగే జనం గోల పడలేక, "ఇకపై ఎవడైనా సరే, ఒక్కడే రావాలి! ఇద్దరు మనుషులెక్కిన పడవను ఈ సుడి మింగేయుగాక!" అని విసుక్కున్నాడట. ముని పోయాడు, విసుగు మాత్రం అక్కడే తిరుగుతోంది. రాజ్యంలో ఉన్నవన్నీ పదిమంది తెడ్లు వేసే పెద్ద పడవలాయె! ఒక్కడే నడిపే దోనె ఒక్క కువలయుడికే ఉంది. రేపే పున్నమి.

"తొందరగా పోదాం చకోరీ" అని అతడు తెడ్డు గట్టిగా వేశాడు.

సరిగ్గా అప్పుడే ఒడ్డునున్న బండమీదినుంచి సన్నని ఏడుపు వినిపించింది.

చూస్తే ఒక కన్య. పట్టుచీర, మల్లెచెండు, మెడలో హారాలు. "ఓ మహానుభావా! తోడు తప్పిపోయిన అభాగ్యురాలిని. నా పేరు మంజులవాణి. ఆ వంపు తిరగగానే ఎడమపాయలో ఉంది మా ఊరు. నన్ను అక్కడ దింపి పుణ్యం కట్టుకోరూ?" అంది.

"క్షమించమ్మా, ఇది ఒంటి దోనె. నాకు క్షణం తీరిక లేదు. ముందు రేవులో చెప్పి నీకు పడవ పంపిస్తాలే" అన్నాడు కువలయుడు.

కన్య వెక్కివెక్కి ఏడ్చింది. రాజకుమారుడు కరగలేదు. గుండెలు బాదుకుంది. కరగలేదు. ఏట్లో దూకి చస్తానంది. "అక్కడ లోతు లేదు, మోకాళ్లు కొట్టుకుపోతాయి, జాగ్రత్త" అని సలహా చెప్పి ముందుకు సాగిపోయాడు.

"పోనీలెండి" అని కన్య కళ్లు తుడుచుకుంది. "నా రాత అలా ఉంది. అయినా ఇంత అందమైన దోనెను నేనెక్కడా చూడలేదు. ఆ గోడ ఎంత పల్చగా ఉంది! ఆ మెడ వంపు ఎంత వయ్యారంగా ఉంది! ఏ మహానుభావుడు చెక్కాడో గాని..."

అంతే! తెడ్డు గాలిలోనే ఆగిపోయింది. దోనె గిర్రున వెనక్కి తిరిగి బండ దగ్గరకు వచ్చేసింది.

"నేనే చెక్కాను" అన్నాడు కువలయుడు. మొహం మతాబాలా వెలిగిపోతోంది. "గోడ అంత సమంగా ఎలా వచ్చిందో తెలుసా? ముందు మాను బయటినుంచి సన్నటి బెజ్జాలు వేసి, వాటిలో అన్నీ ఒకే పొడుగున్న చెక్కచీలలు దిగగొడతాం. లోపలినుంచి తొలుచుకుంటూ పోతామా, చీల మొన ఎక్కడ కనిపిస్తే అక్కడ బాడిస ఆపేయాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడిందో, ఏడాది చాకిరీ ఏట్లో కలిసినట్టే!"

"ఆహా! ఓహో!" అంది కన్య ఆవులింత మింగి.

"అలా పైనుంచి చూస్తే ఏం తెలుస్తుంది? ఎక్కి కూర్చుని చూడాలి. ఎక్కు, ఎక్కు!"

చూశారా! గుండెలు బాదుకున్నా ఎక్కించుకోనివాడు, మెచ్చుకునేసరికి తనే బతిమాలి ఎక్కించుకున్నాడు. దోనెలు చెక్కేవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది, మందు లేదు. కన్య దోనెలోకి కాలు పెట్టింది. ఆ పాదం చేటంత ఉంది. కువలయుడు ఆ పాదం వంక చూసిన మాట నిజమే గాని, దాని కింద నలిగిపోతున్న అడుగుచెక్క కోసం చూశాడు.

ఆమె మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని అతడికి ఎదురుగా ఇరుక్కుని కూర్చుంది. చకోరి బరువుకు మూలిగినట్టయింది. వంపు తిరిగారు.

వంపు తిరగగానే పెద్దరేవు. ఏటివాళ్ల ఊరది. ఆడా మగా అందరూ వలలు ఆరబెట్టుకుంటూ, చేపలు తోముకుంటూ రేవు నిండా ఉన్నారు. వాళ్ల పెద్ద నూకాలు, భుజాన ఈటె, నోట చుట్ట, బూర ఊదినట్టుండే గొంతు. దోనెను చూడగానే ఆవిడ నోట్లో చుట్ట జారిపడింది.

"ఓలమ్మో! ఒంటి దోనెలో ఇద్దరు! పెల్లర్రా, పెల్లి! డప్పులు తీయండర్రా!"

క్షణంలో రేవంతా అట్టుడికిపోయింది. డప్పులు మోగాయి, కొమ్ములు ఊదారు. పదిపన్నెండు పడవలు బిలబిలమంటూ వచ్చి చకోరిని చుట్టేశాయి. కువలయుడి తలమీద పసుపునీళ్లు ఎవరో గుమ్మరించారు.

"ఎవరికి పెళ్లి?" అన్నాడు అతడు ఉక్కిరిబిక్కిరవుతూ.

"ఎవురికేటి బాబూ, నీకే!" అంది నూకాలు. "ఇది నువ్వు సెక్కుకున్న దోనేనా?"

"నేనే చెక్కాను. గోడ అంత సమంగా ఎలా వచ్చిందంటే..."

"అద్గదీ! సొంతంగా సెక్కుకున్న దోనంటే మడిసి ఒంటి కొలతకి కుట్టిన సొక్కా లాంటిది. అందులో ఇంకో మడిసికి సోటిచ్చేడంటే, ఆడు ఆ మడిసిని పెల్లాడేసినట్టే. మా తాతలనాటి కట్టు. మా రేవులో దొరికింది కాబట్టి ఈ పిల్ల ఇక మా ఆడపడుసు."

"అయ్యో, నేను ఊరికే చూపిద్దామని ఎక్కించాను!"

"అందరూ అలాగే అంటారు నాయనా. నా మొగుడూ అలాగే అన్నాడు" అని నూకాలు అతడి ఉత్తరీయానికీ కన్య చెంగుకూ ముడివేసింది. మామూలు కొంగుముడి కాదు, వలముడి. చేప పెనుగులాడేకొద్దీ బిగిసే ముడి. ఆ తరువాత ఈటె మొన ఇసుకలో గుచ్చి గట్టిగా చెప్పింది. "ఇక్కడ ఎక్కిన పెల్లికూతుర్ని కింది రేవులోనే దింపాల. మేం పక్కపాయ మీంచి ముందుగా పోయి పెల్లి ఇందు వండి కూకుంటాం. దారిలో దింపేసినా, పారేసినా, పోగొట్టినా, మొగుణ్ని ఆడి దోనికే కట్టి బోర్లించి ఏట్లో వదిలేస్తాం. ఇదీ కట్టే. పోయి రా అల్లుడా!"

కన్య మొహం పాలిపోయింది. "ఎడమపాయ! నన్ను ఎడమపాయలో దింపండి!" అని కేకపెట్టింది. డప్పుల మోతలో ఎవరు వింటారు? పెళ్లి సంబరంలో సుడి సంగతే మరిచిపోయి ఏటివాళ్లంతా కలిసి తెడ్లతో ఒక్క తోపు తోశారు. దోనె బాణంలా నడిఏటి వడిలోకి దూసుకుపోయింది.

రెండు వైపులా గోడల్లాంటి కొండలు. వెనక్కి తిప్పుదామంటే వడి తిప్పనివ్వదు. దింపుదామంటే ఒడ్డు లేదు. ముందు ఎక్కడో గానుగ తిరుగుతున్నట్టు గుర్రుమనే మోత. కువలయుడికి ఆ మోతేమిటో తెలిసిపోయింది.

"అమ్మాయీ, మనసు గట్టి చేసుకో. మనం ఒంటరి సుడి వైపు పోతున్నాం. ఇద్దరం ఉన్నాం కాబట్టి అది మనల్ని మింగేస్తుంది" అన్నాడు.

"ఒంటరి సుడా! ఓరి నాయనోయ్!" అంది కన్య.

ఆ గొంతు మంజులవాణి గొంతు కాదు. కుండలో రాళ్లు పోసి ఊపినట్టుంది. భయానికి మాయ పట్టు తప్పి, మల్లెచెండు కింద నున్నటి గుండు మెరిసింది. నుదుటిమీది తిలకం కింద రెండు గుడ్లగూబ కళ్లు గుడ్లు తేలేశాయి.

"ఘూకవదనుడా!" అని అరిచాడు కువలయుడు. "నువ్వా! నా తండ్రిని చంపబోవడం చాలక నా దోనె ఎక్కుతావా?"

"ఎక్కమని బతిమాలింది ఎవడయ్యా? నిన్ను ఎడమపాయలో పున్నమిదాకా తిప్పుదామనుకున్నాను. ఈ దిక్కుమాలిన ఊళ్లో పడవెక్కితే పెళ్లి చేస్తారని నాకేం తెలుసు?"

"అక్కడే నిజరూపం చూపించకపోయావా?"

"చుట్టూ ఈటెలూ! ఏ రూపమెత్తను? చేపనైతే వల వేస్తారు. మేకనైతే విందుకు వండేస్తారు. పెళ్లికూతురైతేనే ప్రాణాలు దక్కేలా ఉన్నాయని ఊరుకున్నాను. త్వరగా ఏదో ఒకటి చెయ్యి, నాకు ఈత రాదు!"

అప్పటికే సుడి కనిపించింది. ఆహా, ఏమి భయంకరమైన సొగసు! ఇంద్రనీలమణిని తొలిచి చేసిన గిన్నెలా ఏరంతా లోపలికి పల్లమై గిరగిరా తిరుగుతోంది. గిన్నె అంచున ఇంద్రధనుస్సు నిలబడింది. నడుమ పచ్చలపిడికిలిలా చిన్న దీవి. చకోరి ముక్కు సుడి అంచును తాకిందో లేదో, ఎవరో కిందినుంచి పట్టి లాగినట్టు నీళ్లలోకి కుంగింది. నీళ్లు బుడబుడమని లోపలికొచ్చాయి.

"నేను పోతున్నా!" అని మాంత్రికుడు కాకిగా మారి రెక్కలు విదిల్చి ఎగిరాడు. ఉత్తరీయం పొడుగెంతో అంతే ఎగిరాడు. నూకాలు వేసిన వలముడి కాలికి బిగుసుకుని ఒక్క గుంజు గుంజేసరికి, తలకిందులుగా వచ్చి దోనెలోనే తపుక్కున పడ్డాడు. చిత్రమేమిటంటే, కాకి అయిన క్షణంలోనే దోనె తేలికై పైకి లేచింది.

కువలయుడు అది గమనించాడు. "మాంత్రికుడా! ఇద్దరు మనుషులుంటేనే సుడి ముంచుతుంది. మనిషివి కాకుండా ఉండు, ఇద్దరం బతుకుతాం!"

"కాకిగా ఉంటే అలకు కొట్టుకుపోతానురా బాబూ!"

"అయితే తేలేది ఏదైనా అయిపో!"

మాంత్రికుడు బుర్రకు తోచిన మొదటి మంత్రం గొణిగాడు. కాకి పోయి, సొరకాయ బుర్రను సగానికి కోసి చేసిన డొప్ప ఒకటి ప్రత్యక్షమైంది. పడవలో నీళ్లు తోడేందుకు వాడతారే, అదే డొప్ప. ఉత్తరీయం ముడి దాని మెడకు తాడయింది. దోనెలో చీలమండల దాకా నీళ్లున్నాయి. చేతికి అందుబాటులో డొప్ప ఉంది. కువలయుడు ఏం చేస్తాడు? ఒక చేత్తో తెడ్డు వేస్తూ, రెండో చేత్తో డొప్ప అందుకుని నీళ్లు తోడి పోశాడు.

"ఒరే, ఒరే! నేను చతుష్షష్టి విద్యలు నేర్చిన... గుళగుళ... మహామాంత్రికుణ్ణిరా!"

"నోరు మూసుకో, నీళ్లు పోతాయి" అన్నాడు కువలయుడు.

ఇక చూడాలి ఆ ప్రయాణం! సుడి ఎటు తిప్పితే అటు వంగుతూ, తెడ్డును ఒకసారి చుక్కానిలా, ఒకసారి ఊతకర్రలా వాడుతూ, మోకాళ్లతోనే దోనెను అదుపు చేస్తూ, రాజకుమారుడు గిన్నె అంచునుంచి అడుక్కీ అడుగునుంచి అంచుకీ జారాడు, ఎక్కాడు. రాతి మొన ఒకటి గీరుకుని చకోరి పక్కన పెద్ద గీత పడింది. ఆ గీత తన ఒంటిమీద పడ్డట్టు అతడు కెవ్వున అరిచాడు. చివరికి ఒక పెద్ద అల దోనెను ఎత్తి దీవి ఇసుకమీద విసిరింది.

దీవిలో ఒంటికాలి మీద ఒక ముసలికొంగ నిలబడి ఉంది. దాని వెనక పొదలో తెల్లగా, అరచేయంత మౌనమందారం.

"రా నాయనా. ముని పోయాక ఇక్కడ మాట్లాడటానికి ఎవరూ లేక నా నోరు తుప్పు పట్టింది" అంది కొంగ. "పువ్వుకేనా? తెంపుకో. కాని దాని పద్ధతి చెబుతాను విను. అది గొంతులు మింగే పువ్వు. తెంపినవాడి గొంతును మొదట మింగుతుంది. దాన్ని రోగి తలమీద పెట్టాక, అతడి నవ్వు మింగి, నీ గొంతు నీకు ఇచ్చేస్తుంది. అందాకా నీకు ఒక్క మాట రాదు. ముని ఉన్న రోజుల్లో చాలామంది వచ్చారు, ఇది విని తిరిగి పోయారు."

పొద్దస్తమానం వాగకపోతే అన్నం అరగని మనిషి కువలయుడు. మనుషులు దొరక్కపోతే చెక్కతోనైనా మాట్లాడతాడు. అయినా అతడు రెప్పపాటు కూడా ఆలోచించలేదు. తండ్రి కళ్లు గుర్తుకొచ్చాయి. "గొంతుదేముంది, ప్రాణమడిగినా ఇస్తాను. మా నాన్న అన్నం తిని ఎన్నాళ్లయిందో!" అని పొద వైపు నడిచాడు.

మెడకు తాడుతో డొప్ప వెనక దొర్లుకుంటూ వస్తోంది. ముడి కోసి దీన్ని ఇక్కడే పారేద్దామా అనిపించింది అతడికి. కాని కింది రేవులో నూకాలు కాచుకుని ఉంటుంది, పెళ్లికూతుర్ని చూపించకపోతే పువ్వు శోణపురం చేరదు. సరేలే, సుడి దాటాక వీడితో మాట్లాడి ఒప్పించి మళ్లీ చీర కట్టిద్దాంలే అనుకున్నాడు. మాట్లాడి! వినండి అమాయకత్వం!

"తెంపే ముందు ఒక్క మాట చెప్పుకో నాయనా, చివరిది" అంది కొంగ.

బుద్ధున్నవాడైతే ఆ ఒక్క మాటా డొప్పతో చెప్పి బేరం కుదుర్చుకునేవాడు. కువలయుడు ఒడ్డునున్న దోనె వైపు తిరిగాడు. "చకోరీ, ఆ గీత చూసి బెంగపెట్టుకోకు తల్లీ. ఇంటికి వెళ్లగానే నూనె పట్టించి నున్నగా చేస్తాను" అన్నాడు. పువ్వు తెంపి గుండెమీద పెట్టుకున్నాడు.

డొప్ప కిలకిలా నవ్వింది.

మళ్లీ సుడిలోకి. ఈసారి దారి తెలుసు గనక కువలయుడు సగంపైగా సులువుగానే వచ్చాడు. అవతలి అంచు కనిపిస్తోంది. దాని వెనక ప్రశాంతమైన నీళ్లు, నీళ్లమీద బారులు తీరిన పడవలు, డప్పులు, పొగలు కక్కే విందుకుండలు. ముందు పడవలో కొమ్మున నిలబడి నూకాలు చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"అల్లుడొస్తున్నాడర్రా! ఏడీ, మా ఆడపడుసేదీ?"

డప్పులు ఆగాయి. ఒక్కొక్కరే ఈటెలు చేతికి తీసుకున్నారు. ఎవడో తాళ్లచుట్ట విప్పుతున్నాడు.

"అయిపోయింది నీ పని!" అంది డొప్ప తీరిగ్గా. "నేనిలాగే ఉంటాను. వాళ్లు నిన్ను దోనెకు కట్టి బోర్లిస్తారు. నేను తేలుకుంటూ పోతాను. రేపు పున్నమి. మీ నాన్న కడసారి నవ్వు నేను దగ్గరుండి వింటాను. అంతగా కావాలంటే నోరు తెరిచి ఒక్కసారి బతిమాలు, చూద్దాం. ఊఁ, అడుగు! ఏం, పలకవేం?"

కువలయుడు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. కోపంతో, ఏడుపుతో అతడి కళ్లు మండాయి. ఇంత దూరం వచ్చి, మందు గుండెమీదే పెట్టుకుని, ఒక్క మాట లేక తండ్రిని పోగొట్టుకోవడమా?

మాట లేకపోతేనేం, చేతులున్నాయి. పీట కింద నుంచి చీలలకు బెజ్జం వేసే సన్న ఉలి తీశాడు. డొప్పను మోకాళ్ల మధ్య బోర్లించి పట్టుకున్నాడు. దాని అడుగున ఉలి మొన ఆనించాడు. తెడ్డు వెనక వైపు సుత్తిలా పైకెత్తాడు. డొప్ప వైపు చూసి, నీళ్ల వైపు చూపించి, కనుబొమలెగరేశాడు. బెజ్జం పడిన డొప్ప తేలదు గదా!

"ఏయ్! ఏయ్! ఏమిట్రా అది! ఆగు!" డొప్ప గిలగిల కొట్టుకుంది. అతడు తెడ్డు ఇంకాస్త పైకెత్తాడు. "వద్దు బాబోయ్, వద్దు! అవుతాను! పెళ్లికూతుర్ని అవుతాను! నువ్వేం చెప్పక్కర్లేదు, నాకు అర్థమైపోయింది! ఇదిగో, ఇప్పుడే, ఇక్కడే అయిపోతాను!"

ఇక్కడే!

కువలయుడు ఉలి పారేసి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. తల అడ్డంగా ఆడించాడు. సుడి అంచు ఇంకా దోనె పొడుగంత దూరంలో ఉంది. అది దాటేదాకా ఆగితే చాలు. కాని డొప్ప అతడి చేతుల వంక చూస్తేగా, భయంతో కళ్లు మూసుకుని మంత్రం గబగబా వల్లిస్తోంది.

డొప్పలోంచి ముందు గాజుల చేయి ఒకటి బయటికి వచ్చింది. తరువాత చేటంత పాదం వచ్చింది. అవతల నూకాలు "అదిగో మా పిల్ల!" అని సంతోషంగా చేతులెత్తింది, డప్పులు మళ్లీ మోగాయి. చకోరి కింద నీళ్లు ఒక్కసారిగా పల్లమయ్యాయి.

'ఇక్కడ కాదు' అనాలి కువలయుడు. ఆ రెండు మాటలు చాలు. అవి అతడి గొంతులో లేవు, గుండెమీది పువ్వులో ఉన్నాయి. అతడు ఒక చేత్తో పువ్వును తడవకుండా పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో పెళ్లికూతురి నోరు గట్టిగా మూశాడు. మంత్రంలో ఆఖరి అక్షరం ఆమె పెదవుల మీద ఉంది, అది బయటపడితే దోనెలో ఇద్దరు మనుషులు పూర్తయినట్టే, దోనె ముక్కు అప్పటికే నీళ్లలో మునిగింది.